ఇన్సులిన్ రెసిస్టెన్స్ ఉన్న పిల్లలకు డైట్ చార్ట్ కంటే ముందు కావాల్సింది

పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లల మెడ వెనక నల్లటి చార కనిపిస్తే చాలా ఇళ్లలో ముందు సున్నిపిండి బయటికి వస్తుంది. తర్వాత నిమ్మచెక్క, ఆ తర్వాత మెడికల్ షాపులో అడిగి తెచ్చిన క్రీము. "మెడ సరిగ్గా రుద్దుకోవు, ఒంటి మీద శ్రద్ధే లేదు" అన్న మాట రోజూ పడుతూనే ఉంటుంది. ఎంత రుద్దినా ఆ నలుపు పోదు. ఎందుకంటే అది మురికి కాదు. వేలితో తాకితే కాస్త మందంగా, మెత్తగా తగిలే ఆ మచ్చను డాక్టర్లు అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటారు. రక్తంలో ఇన్సులిన్ ఎక్కువైతే చర్మ కణాలు కూడా ఎక్కువగా పెరుగుతాయి. మెడ, చంకలు, గజ్జల మడతల్లో అది ముందుగా కనిపిస్తుంది.

అంటే ఏడాదో రెండేళ్లో శుభ్రం లేదని తిట్లు తిన్న పిల్ల, ఒకరోజు ఆస్పత్రిలో "ఇన్సులిన్ రెసిస్టెన్స్" అన్న మాట వింటుంది. అక్కడితో తిట్లు ఆగవు. స్నానం మీద నుంచి తిండి మీదకి మారతాయి. "అన్నం తగ్గించు", "మళ్లీ బిస్కెట్టా?", "ఇలాగైతే ఇరవై ఏళ్లకే షుగర్ వస్తుంది". పెద్దవాళ్లు ప్రేమతోనే, భయంతోనే అంటారు. కానీ ఆ భయం పిల్లల ఒంటి మీద, మనసు మీద ఎలా పనిచేస్తుందో తెలుసుకోకుండా డైట్ చార్ట్ చేతిలో పెడితే అది ఫ్రిజ్ మీద అతికించిన కాగితంగానే మిగిలిపోతుంది.

ఒంట్లో ఏం జరుగుతుంది

ఇన్సులిన్ రెసిస్టెన్స్ అంటే షుగర్ జబ్బు కాదు. తిన్న అన్నం, ఇడ్లీ గ్లూకోజ్‌గా మారి రక్తంలో కలుస్తాయి. ఆ గ్లూకోజ్‌ను కండరాల్లోకి చేర్చడం, కాలేయం అవసరానికి మించి గ్లూకోజ్ వదలకుండా చూడటం ఇన్సులిన్ పని. కండరాలు, కాలేయం, కొవ్వు కణాలు దాని మాట వినడం తగ్గించాయనుకోండి. పిలిస్తే పలకని వాళ్ల కోసం ఇంట్లో గొంతు పెంచినట్టు, ఇన్సులిన్ తయారుచేసే పాంక్రియాస్ దాన్ని మరింత వదులుతుంది. దాంతో పని జరిగిపోతుంది కాబట్టి రక్తపరీక్షలో షుగర్ ఏళ్ల తరబడి నార్మల్‌గానే ఉండొచ్చు. ఈలోగా ఆ అదనపు ఇన్సులిన్ తన ప్రభావం చూపిస్తూనే ఉంటుంది. మెడ నల్లబడుతుంది, అమ్మాయిల్లో నెలసరి గాడి తప్పుతుంది. పొట్టలో, కాలేయంలో కొవ్వు చేరడమూ దీనితో ముడిపడిందే. పాంక్రియాస్ ఇక అంత ఇన్సులిన్ అందించలేని స్థితి వచ్చినప్పుడు ప్రీడయాబెటిస్, ఆ తర్వాత టైప్ 2 డయాబెటిస్.

తల్లిదండ్రులకు సాధారణంగా ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. యుక్తవయసులో ఇన్సులిన్ పనితనం అందరు పిల్లల్లోనూ తగ్గుతుంది, సన్నగా ఉన్నవాళ్లలో కూడా. ఎత్తు పెరగడానికి ఆ వయసులో ఎక్కువగా విడుదలయ్యే గ్రోత్ హార్మోన్ దీనికి ముఖ్య కారణం. ఆ దశ మధ్యలో పనితనం సుమారు 30 శాతం పడిపోయి, ఎదుగుదల పూర్తయ్యేసరికి మామూలు స్థాయికి వస్తుంది. బరువు ఎక్కువగా ఉన్నవాళ్లలో, ఇంట్లో షుగర్ చరిత్ర ఉన్నవాళ్లలో అది వెనక్కి రాకుండా నిలిచిపోయే ప్రమాదం ఉంది. ఆ వయసులో ఒళ్లు మొండికేయడం వెనక పిల్లల బద్ధకమో తిండిపోతుతనమో మాత్రమే లేదు.

మన దేశంలో పుట్టిన పిల్లలకు ఇంకో భారం కూడా ఉంది. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో తమ ఇద్దరి ఫొటో అచ్చువేశారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు కొలత) ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. చూడటానికి సన్నగా ఉన్నా కండ తక్కువ, కొవ్వు ఎక్కువ ఉండే శరీరం మనది. అందుకే "మావాడు సన్నగానే ఉన్నాడుగా" అన్న ధీమా పనికిరాదు. "లావుగా ఉన్నావు కాబట్టే నీకిలా" అన్న నింద కూడా నిలబడదు. 2016–18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో మన దేశపు 10–19 ఏళ్ల పిల్లల్లో సుమారు పదిమందిలో ఒకరు ప్రీడయాబెటిస్ స్థాయిలో ఉన్నట్టు తేలింది. ఇది ఒకరిద్దరి క్రమశిక్షణకు సంబంధించిన విషయం అయ్యుంటే లెక్క ఇంత పెద్దగా ఉండేది కాదు.

పరీక్షల గురించి ఒక్క మాట. పరగడుపున గ్లూకోజ్ డెసిలీటరుకు 100–125 మి.గ్రా., లేదా హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్) 5.7–6.4 శాతం మధ్య ఉంటే ప్రీడయాబెటిస్. ల్యాబ్ ప్యాకేజీల్లో వచ్చే ఫాస్టింగ్ ఇన్సులిన్, దాన్నుంచి ఇన్సులిన్ రెసిస్టెన్స్‌ను అంచనా వేసే హోమా-ఐఆర్ అంకెలు యుక్తవయసులో సహజంగానే పెరుగుతాయి. పెద్దవాళ్ల హద్దు పక్కన ఎర్ర అక్షరాల్లో 'హై' అని కనిపించిందని పిల్లల ముందు కంగారు పడొద్దు. ఆ రిపోర్టును పిల్లల డాక్టరో హార్మోన్ల డాక్టరో (ఎండోక్రైనాలజిస్ట్) ఒంటి లక్షణాలతో కలిపి చదవాలి.

మనసుకీ ఇన్సులిన్‌కీ ఉన్న దారి

మనసు బాగోకపోతే తిండి, నిద్ర దెబ్బతింటాయని అందరికీ తెలుసు. సంబంధం అంతకంటే లోతుగా ఉంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 5–13 ఏళ్ల 115 మంది పిల్లల్ని సుమారు ఆరేళ్లు గమనించి 2011లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లంతా ముందుముందు బరువు పెరిగే ముప్పు ఉన్న పిల్లలే. మొదట్లో దిగులు లక్షణాలు ఎక్కువగా ఉన్నవాళ్లలో ఆరేళ్ల తర్వాత ఇన్సులిన్ రెసిస్టెన్స్ కూడా ఎక్కువగా కనిపించింది. మధ్యలో పెరిగిన బరువును లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా చెరిగిపోలేదు. దిగులు వల్లే వచ్చిందని దీన్నిబట్టి తీర్పు చెప్పలేం గానీ, బరువు ఒక్కదానితో కథ ముగియదని మాత్రం తెలుస్తోంది.

ఎలా అన్నదానికి కొన్ని దారులు బాగా తెలిసినవే. టెన్షన్ ఎక్కువ రోజులు నడిస్తే కార్టిసాల్ అనే హార్మోన్ ఎక్కువగా ఉంటుంది. కార్టిసాల్ కాలేయం చేత గ్లూకోజ్ ఎక్కువగా వదిలిస్తుంది, ఇన్సులిన్ పనికి అడ్డం పడుతుంది, కొవ్వును పొట్ట దగ్గర చేరుస్తుంది. నిద్ర తగ్గితే మర్నాడు ఆకలి పెరుగుతుంది, అదీ తీపి మీదకి, వేపుళ్ల మీదకి పోతుంది. మనసు కుంగినప్పుడు కదలాలనిపించదు, కదలకపోతే కండరం గ్లూకోజ్ వాడదు. ఇక సిగ్గు సంగతి. ఎవరూ చూడకుండా తినే తిండి ఎప్పుడూ కాస్త ఎక్కువే అవుతుంది, తొందరగా అవుతుంది. ఇంట్లో "మళ్లీ తింటున్నావా" అన్న ప్రశ్న ఎన్నిసార్లు వినిపిస్తే, స్కూల్ బ్యాగు అడుగున చిప్స్ కవర్లు అన్ని పెరుగుతాయి. తిండి తగ్గదు, దాచుకోవడం పెరుగుతుంది.

రెండో వైపు నుంచి చూస్తే, ఈ సమస్య పేరే పిల్లల్ని కుంగదీయగలదు. తాతయ్యకు షుగర్ వల్ల కాలి వేలు తీసేశారు, నాయనమ్మ రోజూ ఇంజెక్షన్ చేసుకుంటుంది. ఆ ఇంట్లో పెరిగిన పద్నాలుగేళ్ల వాడికి "నీకూ షుగర్ వచ్చే సూచనలున్నాయి" అన్న మాట ఎలా వినిపిస్తుందో ఊహించండి. వాడు బయటికి నవ్వేస్తాడు, "ఏం కాదులే" అంటాడు. పెద్దవాళ్లు దాన్ని నిర్లక్ష్యం అనుకుని ఇంకాస్త భయపెడతారు. భయం ఎక్కువైన పిల్లలు చాలాసార్లు చేసే పని ఆ విషయాన్నే తప్పించుకోవడం. పరీక్షకు రారు, బరువు చూసుకోరు, ఆ మాట ఎత్తితే గదిలోకి వెళ్లి తలుపేసుకుంటారు.

చెబితే సరిపోతుందా

పెద్దవాళ్లలో జీవనశైలి మార్పు ఎంత బలమైన మందో 2002లోనే తేలింది. అమెరికాలో జరిగిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్‌లో ప్రీడయాబెటిస్ ఉన్నవాళ్లు తిండి, నడక మార్చుకుంటే షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రతో తగ్గింది 31 శాతమే. చెన్నై డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం మన దేశంలో చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలోనూ జీవనశైలి మార్పు షుగర్ వచ్చే ముప్పును 28.5 శాతం తగ్గించింది.

పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఫలితం ఇంత సూటిగా లేదు. అప్పటికే టైప్ 2 వచ్చిన 10–17 ఏళ్ల 699 మందితో అమెరికాలో 'టుడే' అనే అధ్యయనం జరిగింది. 2012లో ఫలితాలు వచ్చాయి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడినవాళ్లలో 51.7 శాతం మందికి షుగర్ అదుపు తప్పింది. దానికి గట్టి జీవనశైలి శిక్షణ జోడించిన గుంపులో 46.6 శాతం. ఆ తేడా గణాంకాల ప్రకారం లెక్కలోకి రాదు. దీన్ని చూసి నిరాశ పడాల్సిన పని లేదు, వాళ్లకు జబ్బు అప్పటికే వచ్చేసింది. కానీ నాకు ఇందులో రెండు సంగతులు కనిపిస్తాయి. జబ్బు రాకముందే, అంటే ఇన్సులిన్ రెసిస్టెన్స్ దశలోనే పట్టుకోవాలి. రెండోది, వంట తన చేతిలో లేని, టైమ్ టేబుల్ తన చేతిలో లేని, నలుగురిలో వేరుగా కనిపించడానికి ప్రాణం ఒప్పని వయసు వాళ్లకు పెద్దవాళ్ల పద్ధతి అలాగే అంటగడితే నిలబడటం కష్టం.

ఏ డైట్ మంచిదన్న గొడవ కూడా అనుకున్నంత ముఖ్యం కాదు. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో ఇన్సులిన్ రెసిస్టెన్స్ లక్షణాలున్న 10–17 ఏళ్ల 111 మందికి మెట్‌ఫార్మిన్‌తో పాటు రెండు రకాల ఆహార పద్ధతులు ఇచ్చి చూశారు. ఒకదాంట్లో పిండిపదార్థం ఎక్కువ, ఇంకోదాంట్లో కాస్త తగ్గించి ప్రొటీన్ పెంచారు. ఏడాది తర్వాత రెండు గుంపుల ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే పిల్లలు నెలల తరబడి ఇష్టంగా తినగలిగే పద్ధతి ఏదైతే అదే మంచి పద్ధతి.

మరి డైటింగ్ చేయిస్తే మనసు చెడిపోదా? ఇది న్యాయమైన భయం. అమెరికాలోని మిన్నెసోటాలో వేలమంది టీనేజర్లను ఏళ్ల తరబడి గమనించిన ప్రాజెక్ట్ ఈట్‌లో, సొంతంగా డైటింగ్ చేసినవాళ్లకు ఐదేళ్ల తర్వాత బరువు పెరిగే ముప్పు, తిండికి సంబంధించిన మానసిక రుగ్మతల ముప్పు రెండూ ఎక్కువగా కనిపించాయి. మరోవైపు, ఆస్ట్రేలియాలో ఒబేసిటీ ఉన్న 141 మంది టీనేజర్లతో డాక్టర్లు, డైటీషియన్ల పర్యవేక్షణలో ఏడాది పాటు నడిచిన ప్రయోగంలో సగటున దిగులు లక్షణాలు తగ్గాయి, తిండి రుగ్మతల లక్షణాలూ తగ్గాయి. కొద్దిమందిలో మాత్రం పెరిగాయి. నాకు అర్థమైనంతలో తేడా అంతా పక్కన మనిషి ఉండటంలో ఉంది. రీల్స్ చూసి రోజుకు ఒక్కపూటే తినే పద్ధతో, పిండిపదార్థం దాదాపు మానేసే కీటోనో ఒంటరిగా మొదలుపెట్టడం వేరు. ఎదుగుదలనీ మూడ్‌నీ గమనిస్తూ ఒకరు వెంట ఉండి నడిపించడం వేరు. అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2016లో చెప్పిన సలహా కూడా ఇదే దారిలో ఉంది: ఇంట్లో బరువు గురించి మాట్లాడొద్దు, డైటింగ్‌ను ప్రోత్సహించొద్దు, వీలైనన్ని పూటలు కలిసి భోంచేయండి.

మారాల్సింది ఇల్లు

చాలా ఇళ్లలో కనిపించే రాత్రి భోజనం ఇలా ఉంటుంది. అమ్మాయికి రెండు చపాతీలు, తమ్ముడికి వేడన్నం, బంగాళాదుంప వేపుడు. "నాకెందుకమ్మా ఇది?" అంటే "నీ మంచికే కదా తల్లీ" అన్న జవాబు. తమ్ముడు వేపుడు నంజుకుంటూ తింటుంటే, ఆ పిల్ల చపాతీని ముక్కలు చేస్తూ కూర్చుంటుంది. పదిన్నరకి వంటింట్లో డబ్బా మూత చప్పుడవుతుంది. ఆ రోజు ఓడిపోయింది ఆ పిల్ల మనోబలం అనుకుంటాం. నిజానికి ఆ ఏర్పాటే ఓడిపోయేలా ఉంది.

పైగా పిండిపదార్థం లెక్కలో చపాతీకీ అన్నానికీ పెద్ద తేడా లేదు. దాంతోపాటు ఏముంది, ఎంత ఉంది అన్నదే లెక్క. భారత వైద్య పరిశోధన మండలి చేయించిన ఐసీఎంఆర్–ఇండియాబ్ అధ్యయనం ప్రకారం మన దేశంలో రోజువారీ కేలరీల్లో సుమారు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో ధాన్యాల వాటా 45 శాతం మించొద్దని చెప్పింది. అదేమీ కొత్త వంట కాదు. తోటకూర పప్పు కాస్త గట్టిగా, చిక్కుడుకాయో బీరకాయో కూర కంచంలో సగం, ఒక గుడ్డో గుప్పెడు సెనగలో, పెరుగు, వీటి తర్వాత అన్నం. కూర, పప్పు ముందు తిని అన్నం తర్వాత తింటే గ్లూకోజ్ నెమ్మదిగా పెరుగుతుంది. ఈ కంచం నాన్నకీ, నాయనమ్మకీ, తమ్ముడికీ కూడా. అందరికీ మారితే అది ఇంటి వంట. ఒక్కరికే మారితే శిక్ష.

ఇంట్లోకి రాని వస్తువు కోసం రోజూ గొడవ ఉండదు. 300 మి.లీ. కూల్‌డ్రింకులో 30 గ్రాములు దాటి చక్కెర ఉంటుంది. పాలల్లో కలిపే పొడుల డబ్బా వెనక చక్కెర ఎంతుందో ఒకసారి చదవండి. చక్కెర బదులు బెల్లం వేసినా, పండు బదులు జ్యూస్ ఇచ్చినా ఇన్సులిన్‌కు పెద్ద ఊరట లేదు. అలాగని పుట్టినరోజు కేక్ మీద, పండగ బూరెల మీద నిషేధం పెట్టొద్దు. నిషేధం పెట్టిన రోజే అవి దొంగచాటు తిండిగా మారతాయి.

కదలిక విషయంలో ఒక మంచి కబురుంది. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే గ్లూకోజ్‌ను లాక్కుంటుంది. ఆ మేలు వ్యాయామం ఆపాక కూడా ఒకటి రెండు రోజులు ఉంటుంది. బరువు ఒక్క కిలో తగ్గకపోయినా ఇన్సులిన్ పనితనం మెరుగవుతుంది. అందుకే వారం వారం వేయింగ్ మెషీన్ ఎక్కించడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. లోపల బాగుపడుతున్న పిల్లకు అది "నువ్వు ఫెయిలయ్యావు" అని చెబుతుంది. మెట్లు ఎక్కితే ఆయాసం తగ్గిందా, పొద్దున లేవడం తేలికైందా, నడుము కొలత మారిందా అన్నవి అంతకంటే నిజం చెబుతాయి.

5–17 ఏళ్లవాళ్లకు రోజుకు 60 నిమిషాలు ఒళ్లు అలిసే కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఆ సంస్థ 2016 లెక్కల ప్రకారమే మన దేశంలో 11–17 ఏళ్లవాళ్లలో దాదాపు 74 శాతం మందికి అది అందడం లేదు. అమ్మాయిల విషయంలో మనం ఒప్పుకోవాల్సిన సంగతి ఉంది. పెద్దమనిషి అయ్యే దాకా వీధిలో సైకిల్ తొక్కిన పిల్లను, సరిగ్గా ఇన్సులిన్ పనితనం పడిపోయే ఆ ఏడాదే, ఇంట్లో కూర్చోబెడతాం. రెండేళ్లయ్యాక "కదలకుండా కూర్చుంటావు" అని మనమే అంటాం. షటిల్, కబడ్డీ, గదిలో పాటలు పెట్టుకుని డాన్స్, భోజనం తర్వాత అమ్మతో పది నిమిషాల నడక, ఏదైనా ఫర్వాలేదు, ఎంచుకునేది తనే అయితే చాలు. "తిన్నావుగా, పది రౌండ్లు కొట్టు" అన్నామా, జీవితాంతం వ్యాయామం అంటే వెగటు మిగులుతుంది.

నిద్ర, హాస్టల్, స్టడీ అవర్లు

1999లో షికాగో పరిశోధకులు 11 మంది ఆరోగ్యవంతులైన యువకుల్ని వరసగా ఆరు రాత్రులు నాలుగేసి గంటలే నిద్రపోనిచ్చారు. అంత కొద్దికాలానికే వాళ్ల శరీరాలు గ్లూకోజ్‌ను సంభాళించే శక్తి బాగా తగ్గింది, సాయంత్రం కార్టిసాల్ పెరిగింది. టీనేజర్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. మన ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీల్లో చాలాచోట్ల తెల్లవారుజామున ఐదింటికే లేపి, రాత్రి పదిన్నర పదకొండు దాకా స్టడీ అవర్లు పెడతారు. గ్రౌండ్ ఉండదు, ఉన్నా అటు పంపరు. మార్కుల టెన్షన్, తక్కువ నిద్ర, రోజంతా కుర్చీ, మెస్సులో అన్నం ఎక్కువ కూర తక్కువ. ఇన్సులిన్ రెసిస్టెన్స్‌ను పెంచే పరిస్థితులన్నీ ఒకేచోట పేర్చి, ఆదివారం ఫోన్ చేసి "డైట్ పాటిస్తున్నావా?" అని అడుగుతున్నాం.

ఇది ఆ పిల్లల చేతిలో లేదు, కానీ తల్లిదండ్రులు అడగగలరు. డాక్టర్ చీటీ చూపించి సాయంత్రం అరగంట ఆటకు, రాత్రి అరగంట ముందు నిద్రకు అనుమతి అడగొచ్చు. ఉడికించిన గుడ్డు, సెనగలు మెస్సులో ఇవ్వగలరేమో కనుక్కోవచ్చు. చివరికి ఇంటి నుంచే చదివించాలన్న నిర్ణయం తీసుకోవాల్సి వచ్చినా అది ఓటమి కాదు.

అమ్మాయిలు, పీసీఓఎస్

ఎక్కువైన ఇన్సులిన్ అండాశయాల చేత మగ హార్మోన్లు ఎక్కువగా తయారు చేయిస్తుంది. నెలసరి తప్పడం, గడ్డం కింద వెంట్రుకలు, తగ్గని మొటిమలు దాని ఫలితాలు. ఇవన్నీ కలిసి కనిపించే సమస్యనే పీసీఓఎస్ (పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్) అంటారు. తరగతి గదిలో ఆ వెంట్రుకల మీద వచ్చే ఒక్క వెక్కిరింత చాలు, పిల్ల స్కూలుకు చున్నీ కప్పుకుని వెళ్లడానికి, ఫొటోల్లోంచి తప్పుకోవడానికి. ఇంట్లోనేమో "రేపు పెళ్లి, పిల్లలు ఎలా?" అన్న చర్చ ఆమె వినేలా సాగుతుంది. పదిహేనేళ్ల పిల్లకు ఈ బరువు అక్కర్లేదు. పీసీఓఎస్ ఉన్నా చాలామంది తల్లులవుతారు. రజస్వల అయిన మొదటి మూడేళ్లలో ఒక నెలసరికీ ఇంకో నెలసరికీ మధ్య 45 రోజుల దాకా ఎడం రావడం మామూలే. రజస్వల అయి ఎనిమిదేళ్లు నిండే దాకా స్కానింగ్‌లో కనిపించిన బుడగలను బట్టి పీసీఓఎస్ అని నిర్ధారించొద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. పీసీఓఎస్ తేలితే మాత్రం దిగులు, ఆందోళన ఉన్నాయేమో కూడా చూడాలని 2023 మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. మీ డాక్టర్ అడగకపోతే మీరే గుర్తుచేయండి.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు

రెండు వారాలు దాటినా తగ్గని దిగులు, ఇష్టమైనవాటి మీద ఆసక్తి పోవడం, ఇంట్లోవాళ్లతో కలిసి తినకపోవడం, తిన్న వెంటనే బాత్రూమ్‌కు వెళ్లిరావడం, పూటలు ఎగ్గొట్టడం, దాచిపెట్టి తినడం, రోజుకు పదిసార్లు బరువు చూసుకోవడం కనిపిస్తే డైట్ మాట పక్కన పెట్టి ముందు మానసిక వైద్యుల్ని కలవాలి. బరువు ఎక్కువగా ఉన్న పిల్లలకు తిండి రుగ్మతలు రావనుకోవడం పొరపాటు. వాళ్లలో అవి ఆలస్యంగా బయటపడతాయి, ఎందుకంటే తిండి మానేస్తే అందరూ మెచ్చుకుంటారు. కొన్ని మానసిక మందులు బరువునూ ఇన్సులిన్‌నూ పెంచుతాయి కాబట్టి వాడుతుంటే ఇద్దరు డాక్టర్లకూ చెప్పండి. సొంతంగా ఆపొద్దు. "చచ్చిపోవాలని ఉంది" అన్న మాట ఏ రూపంలో వినిపించినా ఒంటరిగా వదలకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు, పిల్లతోనో పిల్లాడితోనో ఐదు నిమిషాలు విడిగా మాట్లాడమని అడిగి మీరు బయట కూర్చోండి. లోపల ఏం చెప్పారో దారిలో అడగొద్దు. మెడ మీద నలుపు గురించి, క్లాసులో ఎవరో అన్న మాట గురించి, రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం గురించి అక్కడ బయటపడేది, మీ ముందు ఎన్నిసార్లు అడిగినా బయటికి రాకపోవచ్చు. చికిత్స ఎక్కడ మొదలుపెట్టాలో డాక్టర్‌కు తెలిసేది చాలాసార్లు ఆ ఐదు నిమిషాల్లోనే.